నిమజ్జనం రోజు హైదరాబాద్‌లో చిక్కుకోకుండా తిరగడం ఎలా

అనంత చతుర్దశి నాడు హైదరాబాద్ రెండు ముక్కలవుతుంది. ఈ ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకుంటే ఆ రోజు పడే ఆగమాగంలో సగం తప్పుతుంది. పొద్దున బాలాపూర్ గణపతి కదులుతాడు. చాంద్రాయణగుట్ట, ఇంజన్ బౌలి, అలియాబాద్, నాగులచింత, చార్మినార్, మదీనా, అఫ్జల్‌గంజ్, మోజంజాహీ మార్కెట్, అబిడ్స్, బషీర్‌బాగ్, లిబర్టీ మీదుగా హుస్సేన్‌సాగర్ గట్టయిన ట్యాంక్‌బండ్ దాకా, 20 కిలోమీటర్లకు దగ్గరగా ఉండే ఆ దారంతా ఒక ఏరవుతుంది. గల్లీల్లోంచి వచ్చే గణపతులు వాగుల్లా వచ్చి అందులో కలుస్తుంటారు.

సికింద్రాబాద్ వైపు నుంచి ఆర్పీ రోడ్డు, ఎంజీ రోడ్డు, కర్బలా మైదాన్, కవాడిగూడ, ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్, నారాయణగూడ, హిమాయత్‌నగర్ మీదుగా ఇంకో పాయ వచ్చి లిబర్టీ దగ్గర కలుస్తుంది. ఉప్పల్, రామంతాపూర్, అంబర్‌పేట గణపతులు కూడా చివరికి ఈ పాయలోకే చేరతారు. పడమటి వైపు నుంచి మెహదీపట్నం, మాసాబ్ ట్యాంక్ దారి ఒకటి, ఎర్రగడ్డ, అమీర్‌పేట, పంజాగుట్ట, ఖైరతాబాద్ దారి ఒకటి. ఈ రెండూ సాగర్ పక్కనే ఉన్న ఎన్టీఆర్ మార్గ్ వైపు సాగుతాయి.

ఏరు పొంగినప్పుడు ఈది దాటాలని ఎవరూ చూడరు. వంతెన ఎక్కడుందో వెతుకుతారు. ఆ రోజు బండి మీద బయల్దేరేవాళ్ళు మాత్రం ఈ పని చేయరు. రోజూ పోయే దారే కదా అని తాళం తీస్తారు, అబిడ్స్‌లోనో నారాయణగూడలోనో బారికేడ్ ముందు మూడు గంటలు నిలబడతారు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగి, ఇంచుమించు ఏటా నిమజ్జనానికి పోయేవాడిగా నాకు తెలిసింది వరసగా చెబుతున్నాను.

మొదట: మీరు ఏ ఒడ్డున ఉన్నారో చూసుకోండి

ఒక కాగితం తీసుకుని బాలాపూర్ నుంచి లిబర్టీ దాకా నిలువుగా ఒక గీత గీయండి. సికింద్రాబాద్ పాయకు ఇంకో గీత గీయండి. ఇప్పుడు మీ ఇల్లు, ఆఫీసు, అమ్మానాన్నల ఇల్లు, మీరు చూపించుకునే ఆస్పత్రి, ఎక్కాల్సిన రైలు స్టేషన్ గీతకు ఎటు వైపున ఉన్నాయో గుర్తు పెట్టండి. మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ తూర్పు ఒడ్డు. నాంపల్లి, మెహదీపట్నం, లక్డీకాపూల్ పడమటి ఒడ్డు. హిమాయత్‌నగర్, చిక్కడపల్లి, బర్కత్‌పురా వాళ్ళది అన్నిటికన్నా కష్టం. రెండు పాయల మధ్య లంకలో ఉన్నట్టే.

ఒకే ఒడ్డున ఉన్న పనులు ఆ రోజు చేసుకోవచ్చు. అవతలి ఒడ్డు పనులు ముందు రోజుకో, రెండు రోజుల తరవాతకో మార్చుకోండి. హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్ జిల్లాల్లో నిమజ్జనం రోజు సెలవు ఇవ్వడం చాలా ఏళ్ళుగా ఉన్నదే. అయినా చాలా ప్రైవేటు ఆఫీసులు పనిచేస్తాయి. మీ మేనేజరు వేరే ఊరివారైతే ఆ గీతలు గీసిన కాగితమే చూపించి ఇంటి నుంచి పని అడగండి. మాటల కన్నా ఆ బొమ్మతో వాళ్ళకు త్వరగా అర్థమవుతుంది.

రెండు మూడు రోజుల ముందు: పోలీసుల ప్రకటన చదవండి

ఏటా నిమజ్జనానికి ముందు ట్రాఫిక్ పోలీసులు ఏ కూడలి దగ్గర బండ్లు ఎటు మళ్ళిస్తారో, ఎక్కడ పార్కింగ్ ఇస్తారో, ఆర్టీసీ బస్సులు ఎక్కడి దాకా వస్తాయో జాబితా ఇస్తారు. అది పొడుగ్గా ఉంటుందని చాలామంది చదవరు. మొత్తం చదవక్కర్లేదు. మీ ఇంటికి దగ్గరున్న నాలుగు చౌరస్తాల పేర్లు వెతికి, వాటి కింద రాసింది మాత్రం ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆ రోజు జనంలో నెట్ రాదు, ఫొటో మాత్రం ఉంటుంది.

బస్సుల విషయం ముఖ్యంగా చూసుకోండి. సిటీ బస్సులు ఊరి నడిబొడ్డుకు రావు. గత ఏళ్ళలో మెహదీపట్నం వైపువి మాసాబ్ ట్యాంక్ దగ్గర, కూకట్‌పల్లి వైపువి ఖైరతాబాద్ దగ్గర, ఉప్పల్ వైపువి రామంతాపూర్ దగ్గర వెనక్కి తిప్పేశారు. అక్కడ దిగాక నడకే. చేతిలో సామాను, చంకలో పిల్ల ఉన్నప్పుడు ఈ సంగతి బస్సు దిగాక తెలిస్తే చాలా బాధ. జిల్లాల నుంచి వచ్చే బస్సులు కూడా ఎంజీబీఎస్‌కు రావడానికి చుట్టుదారి పడతాయి. ఆ సాయంత్రం వచ్చే చుట్టాలుంటే వాళ్ళను దిల్‌సుఖ్‌నగర్‌లోనో, జేబీఎస్‌లోనో, ఉప్పల్‌లోనో దిగి మెట్రో ఎక్కమనండి.

ఇంకో మాట. ఆంక్షలు ఒక్క రోజువే అనుకోకండి. ఖైరతాబాద్ మహాగణపతి దర్శనానికి పండుగ పది రోజులూ, అందులోనూ శని, ఆదివారాలు, పాత సైఫాబాద్ పోలీస్ స్టేషన్, మింట్ కాంపౌండ్, నెక్లెస్ రోటరీ దగ్గర బండ్లు మళ్ళిస్తూనే ఉంటారు. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైన వేడుక అది. 70 ఏళ్ళు నిండిన 2024లో 70 అడుగుల విగ్రహం పెట్టారు. ఆ మూర్తిని చూడాలని వచ్చే జనాన్ని తప్పుపట్టలేం. మనమే దారి మార్చుకోవాలి.

వంతెన: మెట్రో

నేల మీద ఊరు ఆగిపోయినా పైన మెట్రో నడుస్తుంది. ఈ రోజుకు అదే వంతెన. మియాపూర్–ఎల్బీనగర్ లైను నాంపల్లి, గాంధీభవన్, ఉస్మానియా మెడికల్ కాలేజీ, ఎంజీబీఎస్, మలక్‌పేట మీదుగా పోతూ శోభాయాత్ర దారిని పైనుంచి దాటేస్తుంది. కింద గంటలు పట్టేది పైన నిమిషాల్లో అయిపోతుంది. నాగోల్–రాయదుర్గం లైను సికింద్రాబాద్ వైపు నుంచి తూర్పు పడమరలను కలుపుతుంది. గత కొన్నేళ్ళుగా ఆ రాత్రి ఒంటిగంట దాకా మెట్రో నడుపుతున్నారు. ఈసారి ఆఖరి రైలు ఎన్నింటికో బయల్దేరే ముందు చూసుకోండి.

మెట్రో ఎక్కేటప్పుడు నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. కార్డులో డబ్బులు ముందు రోజే వేసుకోండి. టికెట్టు వరస స్టేషన్ మెట్ల దాకా వస్తుంది. రెండోది, ఖైరతాబాద్ స్టేషన్‌లో దిగకండి. అందరూ అక్కడే దిగుతారు, మెట్ల మీదే అరగంట పోతుంది. ఎన్టీఆర్ మార్గ్ వైపు పోవాలంటే లక్డీకాపూల్‌లో దిగి సైఫాబాద్, ఇక్బాల్ మినార్ మీదుగా నడవండి. మూడోది, ఎగువ ట్యాంక్‌బండ్‌కు సికింద్రాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్ళు ప్యారడైజ్‌లో దిగి రాణిగంజ్ మీదుగా నడవచ్చు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో దిగితే ఇందిరా పార్కు, దిగువ ట్యాంక్‌బండ్ మీదుగా పోవచ్చు. నాలుగోది, తిరుగు ప్రయాణానికి దిగిన స్టేషన్‌కే రావాలని లేదు. జనం పోతున్న వైపుకు ఎదురు నడిచి ఒక స్టేషన్ వెనక్కి వెళ్తే సీటు దొరక్కపోయినా కనీసం ఎక్కగలుగుతారు.

ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ళను మరిచిపోకండి. ఆ రాత్రి ప్రత్యేక రైళ్ళు వేస్తుంటారు. ఫలక్‌నుమా, కాచిగూడ, సికింద్రాబాద్, నెక్లెస్ రోడ్డు, లింగంపల్లి వైపు వాళ్ళకు మెట్రో కన్నా ఇదే నయం.

కారు తీయక తప్పదంటే

తీయకుండా ఉండేందుకు ఏ కొంచెం వీలున్నా తీయకండి. తప్పనిసరైతే నడి ఊరు ఆశ వదిలేసి అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కండి. 158 కిలోమీటర్ల రోడ్డు ఉన్నది ఇలాంటి రోజుకే. ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి ఘట్‌కేసర్ మీదుగా తిరిగి పోవడం విన్నప్పుడు పిచ్చిపనిలా ఉంటుంది. దూరం రెండింతలు దాటుతుంది, కానీ ఎప్పటికి చేరతారో ఇంట్లో వాళ్ళకు చెప్పగలుగుతారు. ఆ రోజు అదే పెద్ద విషయం.

విమానం ఉంటే కూకట్‌పల్లి, మియాపూర్ వాళ్ళు గచ్చిబౌలి దగ్గర అవుటర్ ఎక్కాలి. మెహదీపట్నం వాళ్ళకు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఉంది, అది పడమటి ఒడ్డునే ఉంటుంది. తూర్పు వాళ్ళు చాంద్రాయణగుట్ట దారి పట్టకండి, అది బాలాపూర్ గణపతి దారి. తెల్లవారుజామున చీకటి ఉండగానే బయటపడండి, లేదా అవుటర్ మీదుగానే పోండి. శంషాబాద్‌లో మూడు గంటలు ముందుగా కూర్చున్నా ఫరవాలేదు.

రైలైతే ఇంకో ఉపాయం ఉంది. మీ రైలు నాంపల్లిలోనో కాచిగూడలోనో బయల్దేరి మీ ఒడ్డున ఇంకో స్టేషన్‌లో కూడా ఆగుతుందేమో చూడండి. ఆగితే ఒకటి రెండు రోజుల ముందే టికెట్టులో బోర్డింగ్ స్టేషన్ మార్చుకోండి. సికింద్రాబాద్ స్టేషన్ పక్కనే సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో ఉంది. నాంపల్లికి కూడా మెట్రో ఉంది. సామాను తక్కువ పెట్టుకుని మెట్రోలో పోవడం, కారులో కూర్చుని గడియారం చూసుకోవడం కన్నా ఎంతో మేలు.

ఫోన్‌లో మ్యాపును ఆ రోజు పూర్తిగా నమ్మకండి. బారికేడ్ పడ్డ సంగతి దానికి ఆలస్యంగా తెలుస్తుంది. ఎర్రగీత తప్పించి గల్లీలోకి పంపుతుంది. ఆ గల్లీ చివర ఒక డీసీఎం వ్యాను మీద పన్నెండడుగుల గణపతి, ముందు బ్యాండు ఉంటాయి. వెనక్కి తిప్పుకునే చోటు ఉండదు. పెద్ద రోడ్డు మీద ఆగిపోతే పెద్ద రోడ్డు మీదే ఉండండి. చౌరస్తాలో ఉన్న కానిస్టేబుల్‌ను అడిగేటప్పుడు, “సార్, కొంచెం వదులుతారా” అనకండి. పొద్దున్నుంచి ఆ మాట వెయ్యిసార్లు విని ఉంటారు. “అన్నా, ఫలానా చోటికి పోవాలె, ఏ దారి తెరిచి ఉంది” అనండి. దానికి వాళ్ళ దగ్గర జవాబు ఉంటుంది, చెబుతారు కూడా.

ఇంట్లో రోగులు, గర్భిణులు ఉంటే

ఈ భాగం మాత్రం దయచేసి రెండుసార్లు చదవండి.

కొన్నేళ్ళ క్రితం నిమజ్జనం రోజు రాత్రి ఎనిమిదింటికి మా చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయి. డాక్టరు చెప్పిన తేదీకి ఇంకా పన్నెండు రోజులుంది. మా ఇల్లు నారాయణగూడ లోపలి గల్లీలో. చూపించుకుంటున్న ఆస్పత్రి రెండు కిలోమీటర్లే, కానీ అవతలి ఒడ్డున. కారు తీశాం. పెద్ద రోడ్డు మీదికి వచ్చాక ముందు లారీలు, వెనక లారీలు. నలభై నిమిషాల్లో నాలుగు వందల అడుగులు కదిలాం. అమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుని దేవుణ్ణి తలుచుకుంటోంది. నేను దిగి ముందున్న మండపం పిల్లల దగ్గరికి పోయి విషయం చెప్పాను. ఆ పిల్లలు చేసింది బతికున్నంత కాలం మరవను. డీజే ఆపేశారు. పదిహేను మంది చేతులు పట్టుకుని రెండు వరసలుగా నిలబడ్డారు. ఒకడు ముందు పరుగెత్తుతూ ఒక్కో లారీవాణ్ణి పక్కకు జరిపిస్తూ పోయాడు. మేము అర్ధగంటలో ఆస్పత్రిలో ఉన్నాం. మేనల్లుడు రాత్రి రెండున్నరకు పుట్టాడు.

తప్పు మాదే. నెలలు నిండుతున్న పిల్లను నిమజ్జనం రోజు ఆ ఇంట్లో ఉంచకూడదు. అవతలి ఒడ్డున పెద్దమ్మ ఇల్లుంది, ఆస్పత్రికి పక్క వీధిలోనే. ముందు రోజు తీసుకుపోయి ఉంచితే సరిపోయేది.

మీరు ఇలా చేయండి. తేదీ దగ్గర పడ్డ గర్భిణులను, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్ళను ముందు రోజు సాయంత్రమే ఆస్పత్రి ఉన్న ఒడ్డుకు చేర్చండి. డయాలిసిస్ ఆ రోజు పడితే ఒక రోజు ముందే చేయమని వారం ముందే అడగండి. ఇన్సులిన్, బీపీ మాత్రలు, పిల్లల జ్వరం మందు మూడు రోజులకు సరిపడా తెచ్చుకోండి. మీ ఒడ్డున అత్యవసరానికి పోగల ఆస్పత్రి ఏదో ముందే అనుకోండి. రోజూ చూపించుకునేది కాకపోయినా ఫరవాలేదు. పెద్ద ప్రభుత్వ ఆస్పత్రుల్లో గాంధీ ముషీరాబాద్ వైపు, ఉస్మానియా అఫ్జల్‌గంజ్‌లో, నిలోఫర్ రెడ్‌హిల్స్‌లో, నిమ్స్ పంజాగుట్టలో ఉన్నాయి. వీటిలో మీ గీతకు ఇవతల ఉన్నదేదో చూసుకోండి. పాత రిపోర్టులన్నీ ఒక సంచిలో పెట్టి తలుపు పక్కన ఉంచండి.

108కు ఫోన్ చేస్తే ఇంటి అడ్రసు మొత్తం చదవకండి. మెట్రో పిల్లర్ నంబరు చెప్పండి. “ఫలానా పిల్లర్ ఎదురు గల్లీ” అంటే డ్రైవరుకు వెంటనే తెలుస్తుంది. అంబులెన్స్ గల్లీలోకి రాలేకపోవచ్చు. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకుని పెద్ద రోడ్డు దాకా తేవడానికి ఎవరెవరు వస్తారో పక్కింటి వాళ్ళతో ముందే మాట్లాడి పెట్టుకోండి. పోలీసు సాయానికి 112.

ఊరేగింపులో ఉన్నవాళ్ళకు: సైరన్ వినబడగానే పాట ఆపండి. పాట ఆగితేనే ముందున్న వాళ్ళకు సైరన్ వినబడుతుంది. బండిని ఎడమకు జరపండి, ఒకరు ముందు నడిచి దారి చేయండి. గణపతికి విఘ్నాలు తొలగించేవాడని పేరు. ఆయన పేరు చెప్పి రోడ్డు మీదికి వచ్చిన మనం ఇంకొకరికి విఘ్నం కాకూడదు.

మీ గణపతిని మీరే తీసుకుపోతుంటే

ఇంట్లో పెట్టుకున్న చిన్న మట్టి గణపతి అయితే ట్యాంక్‌బండ్ దాకా రావద్దని నా మనవి. ఊరంతా మున్సిపాలిటీ వాళ్ళు బేబీ పాండ్లు, అంటే నిమజ్జనానికి చిన్న కుంటలు, తవ్వి ఉంచుతారు, మీ దగ్గరలో ఒకటి ఉంటుంది. లేదా ఇంట్లోనే బకెట్టు నీళ్ళలో కలిపి తులసి కోటలో పోయండి. మూడో రోజు, ఐదో రోజు, ఏడో రోజు, తొమ్మిదో రోజు నిమజ్జనం చేసే ఆనవాయితీ ఉన్నవాళ్ళు ఆ రోజుల్లోనే చేసేయండి. పదకొండో రోజు రద్దీ అంత మేర తగ్గుతుంది.

మండపం వాళ్ళయితే పోలీసుల దగ్గర ముందే నమోదు చేసుకుని, ఏ దారి, ఏ టైము, ఏ క్రేన్ వైపు అన్నది తెలుసుకుని బయల్దేరండి. విగ్రహం ఎత్తు కాదు, బండి మీద పెట్టాక నేల నుంచి కిరీటం దాకా మొత్తం ఎత్తు కొలవండి. ఆ టేపుతోనే మీ గల్లీ నుంచి పెద్ద రోడ్డు దాకా నడిచి వైర్లు, కొమ్మలు, కమాన్లు చూడండి. కిందికి వేలాడే కరెంటు తీగ కనబడితే కర్రతో ఎత్తే ప్రయత్నం చేయకండి, కరెంటు ఆఫీసుకు చెప్పి సరిచేయించండి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు. పండుగకు పోయినవాళ్ళు ఇంటికి రాలేదు.

బయల్దేరే టైము పొద్దున పెట్టుకోండి. సాయంత్రం వెలుగుల్లో తీన్‌మార్ బాగుంటుందని ఆగితే రాత్రి పదింటికి మోజంజాహీ మార్కెట్ దగ్గర నిలబడతారు, తెల్లారి లిబర్టీలో ఉంటారు. ఖైరతాబాద్ మహాగణపతి నిమజ్జనమే ఇప్పుడు మధ్యాహ్నానికి ముగిస్తున్నారు. ఒకప్పుడు అది మర్నాటి దాకా సాగేది. అంత పెద్ద విగ్రహానికి సాధ్యమైంది మన గల్లీ గణపతికి కాదా? బాలాపూర్‌లో కూడా లడ్డూ వేలం పొద్దుటే అయిపోతుంది. 1994లో 450 రూపాయలకు పాడిన ఆ లడ్డూ 2025లో 35 లక్షలు పలికింది. అంత సందడీ ముగించుకుని కూడా ఆ గణపతి సాయంత్రానికి సాగరం చేరుతున్నాడు.

బండికి డ్రైవర్లు ఇద్దరు ఉండాలి. పద్నాలుగు గంటలు స్టీరింగ్ పట్టుకున్న మనిషి చుట్టూ పిల్లలు ఆడుతుండడం ప్రమాదం. నిమజ్జనం అయ్యాక ఖాళీ లారీ వచ్చిన దారిన తిరిగి రాకూడదు. పోలీసులు చెప్పిన దారినే బయటికి పోవాలి. ఆ ఒక్క లారీ ఎదురు వస్తే వెనకున్న వందల గణపతులు ఆగుతాయి.

చూడ్డానికి పోయేవాళ్ళకు

పోండి, తప్పకుండా పోండి. ఒక్కసారైనా చూడాల్సిన వేడుక అది. మధ్యాహ్నం లోపు పోతే మహాగణపతిని క్రేన్ ఎత్తడం చూడవచ్చు. బండి తెస్తే ఎన్టీఆర్ స్టేడియం, కట్ట మైసమ్మ గుడి, నిజాం కాలేజీ, పబ్లిక్ గార్డెన్స్ లాంటి చోట్ల పార్కింగ్ ఇస్తుంటారు. పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. తప్పిపోతే కలుసుకునే చోటు ముందే చెప్పండి. అది క్రేన్ నంబరు కాకూడదు, అక్కడ నిలబడనివ్వరు. యూపీఐ పనిచేయదు, చిల్లర నోట్లు ఉంచుకోండి. కొబ్బరి చిప్పలు, పూలు, బురద మీద నడవాలి కాబట్టి చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. అది వానల కాలం, ఒక పాలిథిన్ కవరు ఫోన్‌కు చాలు.

మర్నాడు

పొద్దున తొమ్మిదింటికి అంతా మామూలే అనుకుని బండి తీయకండి. అబిడ్స్, బషీర్‌బాగ్, లిబర్టీలో వరసలు మధ్యాహ్నం దాకా సాగిన ఏళ్ళు ఉన్నాయి. అవి పోయాక కూడా పారిశుధ్య కార్మికులు పూలు, కాగితాలు, కొబ్బరి చిప్పలు ఎత్తేదాకా ట్యాంక్‌బండ్ వైపు బండ్లు నెమ్మదిగానే కదులుతాయి. ఆఫీసు ఉంటే ఆ రోజు కూడా మెట్రోలోనే పోండి. బైకు తీయాలంటే మధ్యాహ్నం భోజనం అయ్యాక తీయండి, తీసే ముందు టైర్లలో మేకులేమైనా దిగాయేమో చూసుకోండి.